థాయ్‌లాండ్‌లో కాపురం పెట్టిన తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులకు వచ్చి నాలుగు రోజుల్లో ఫుకెట్, పట్టాయా చూసి వెళ్లేవాళ్లకు ఈ పేజీతో పని లేదు. ఉద్యోగం మీద బ్యాంకాక్‌కో చియాంగ్‌మాయ్‌కో వచ్చి, అద్దె ఇంట్లో దిగి, ఏళ్ల తరబడి ఉండబోయేవాళ్ల కోసం ఇది. రుసుములు, నిబంధనలు ఇక్కడ తరచూ మారుతుంటాయి కాబట్టి కార్యాలయానికి బయల్దేరే ముందు ఇమిగ్రేషన్ శాఖ తాజా ప్రకటన ఒకసారి చూసుకోండి.

ఇల్లు వెతుకుతున్నాం. స్టేషన్‌కు దగ్గరగా ఉండాలా, అద్దె తక్కువగా ఉండాలా? ముందు ఏది చూడాలి?

ముందు ఓనరును చూడండి. స్విమ్మింగ్ పూలు, జిమ్ము, మెట్రో స్టేషను ఆ తర్వాతి సంగతి. ఇక్కడ మనం పడే తిప్పల్లో చాలావరకు ఒక్క కాగితం దగ్గరే మొదలవుతాయి. ఆ కాగితం పెట్టాల్సింది మీరు కాదు, మీ ఓనరు. దాని పేరు టీఎం 30. విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లోగా ఫలానా వాళ్లు మా ఇంట్లో ఉంటున్నారని ఇంటి యజమాని తెలియజేయాలని 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టం చెబుతోంది. హోటళ్లు రోజూ చేసే పనే ఇది. అద్దె ఇళ్ల ఓనర్లు చాలామంది మాత్రం చేయరు. కొందరికి తెలియదు, కొందరికి బద్ధకం, ఇంకొందరికి అద్దె ఆదాయం లెక్కల్లోకి ఎక్కుతుందేమోనని జంకు.

పెట్టకపోతే జరిమానా ఓనరుకే. కానీ కౌంటరు ముందు నిలబడేది మీరు. వీసా పొడిగింపుకు వెళ్లినా, నివాస ధ్రువపత్రానికి వెళ్లినా ముందు టీఎం 30 రసీదు అడుగుతారు. అది లేకపోతే నివాస ధ్రువపత్రం రాదు, వర్క్ పర్మిట్ లేనివాళ్లకు అది రాకపోతే డ్రైవింగ్ లైసెన్సు పని కదలదు. ఓనరేమో ఫోనెత్తరు. విసిగిపోయి ఆ జరిమానా తామే కట్టేసి బయటపడేవాళ్లు ఎందరో.

అందుకే అడ్వాన్సు చేతిలో పెట్టకముందే అడిగేయండి. టీఎం 30 మీరే పెట్టి రసీదు ఇస్తారా? మీ గుర్తింపు కార్డు, తబియన్ బాన్ అనే ఇంటి పుస్తకం నకళ్లు సంతకం చేసి ఇస్తారా? ఈ రెండింటికీ నీళ్లు నమిలారంటే ఇంకో ఇల్లు చూసుకోండి. బ్యాంకాక్‌లో ఖాళీ కాండోలకు, అంటే ఫ్లాట్లకు, కరువేమీ లేదు.

ఇండియా వెళ్లి వచ్చిన ప్రతిసారీ టీఎం 30 మళ్లీ పెట్టాలా?

వీసా, రీ-ఎంట్రీ పర్మిట్ (దేశం దాటి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) చెల్లుబాటులో ఉండి పాత చిరునామాకే తిరిగి వస్తే అక్కర్లేదని 2020లో సడలించారు. కౌంటరులో మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఓనరుకు ఆన్‌లైన్ ఖాతా ఉంటే ఐదు నిమిషాల పని. వాదించి గెలవడం కన్నా మళ్లీ పెట్టించుకోవడమే తేలిక.

90 రోజుల రిపోర్టు అంటే ఏమిటి? వీసా ఏడాదికి ఉంది కదా?

వీసా వేరు, ఇది వేరు. దేశం దాటకుండా వరసగా 90 రోజులు ఉంటే, నేను ఇంకా ఇదే చిరునామాలో ఉన్నానని చెప్పుకోవాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి, గడువు దాటాక 7 రోజుల వరకు ఇవ్వొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. మరిచిపోయి ఆలస్యంగా వెళ్తే 2,000 బాత్‌లు. మధ్యలో దేశం దాటి వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. మొదటిసారి స్వయంగా వెళ్లాలి, తర్వాత ఆన్‌లైన్‌లో చేయొచ్చు. ఆ వెబ్‌సైటు కొన్ని రోజులు పనిచేస్తుంది, కొన్ని రోజులు చేయదు. కాబట్టి చివరి రోజు దాకా ఆగకండి. ఇక్కడ కూడా చిరునామా టీఎం 30తో కలవకపోతే తిరగ్గొడతారు.

రీ-ఎంట్రీ పర్మిట్ తప్పనిసరా?

తప్పనిసరి. అమ్మానాన్నలకు ఒంట్లో బాగాలేదని తెలిసి రాత్రికి రాత్రి విమానమెక్కేటప్పుడు దీన్ని మరిచిపోతారు. ఇది లేకుండా దేశం దాటారంటే ఏడాదికి వచ్చిన పొడిగింపు ఆ క్షణాన్నే రద్దయిపోతుంది. తిరిగొచ్చి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒక్కసారికైతే 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా వెళ్లి రావడానికి 3,800. సువర్ణభూమి విమానాశ్రయంలో కూడా తీసుకోవచ్చు గానీ, పొడిగింపు చేతికొచ్చిన రోజే మల్టిపుల్ కొట్టించేసుకుంటే నిశ్చింత. మనవాళ్లు ఏడాదికి ఒక్కసారి మాత్రమే ఊరెళ్లి ఊరుకుంటారని నేననుకోను.

తిరిగి వచ్చేటప్పుడు డిజిటల్ అరైవల్ కార్డు కూడా నింపాలి. 2025 మే 1 నుంచి పాత కాగితం బదులు ఇదే. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు నింపాలి, పూర్తిగా ఉచితం. డబ్బు అడిగిన వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు.

ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్తే రోజంతా పోతుందా?

పోతుందనుకునే వెళ్లండి. బ్యాంకాక్ వాళ్లకు చేంగ్ వత్థనలోని ప్రభుత్వ భవన సముదాయమే దిక్కు. పొద్దున్నే చేరుకుంటే మధ్యాహ్నానికి బయటపడొచ్చు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా భోజన విరామం, ఆ గంట ఏమీ కదలదు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, వీసా పేజీ, చివరిసారి దిగిన ముద్ర ఉన్న పేజీ నకళ్లు తీయించి, ప్రతిదాని మీదా నీలం సిరాతో సంతకం పెట్టండి. ఫొటోలు 4×6 సెంటీమీటర్లవి దగ్గర ఉంచుకోండి. నకలు ఒకటి ఎక్కువైతే ఎవరూ ఏమీ అనరు. ఒకటి తక్కువైతే మళ్లీ జెరాక్సు క్యూ, మళ్లీ టోకెను. నిక్కరు, స్లీవ్‌లెస్ బనియను వేసుకుని వెళ్లకండి. గొంతు పెంచకండి. మన దగ్గర కౌంటరు మీద చరిచి గట్టిగా అడిగితే పనవుతుందని నమ్మకం ఉంటుంది, ఇక్కడ అలా చేస్తే అప్పటిదాకా కదులుతున్న ఫైలు కూడా ఆగుతుంది. రానున్న సెలవులు కూడా చూసుకుని వెళ్లాలి. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, అది కాక మంత్రివర్గం అప్పటికప్పుడు ప్రకటించే సెలవులు కూడా ఉంటాయి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఇబ్బందా?

ఇబ్బందే, అందులోనూ తెలుగువాళ్లకు మరీను. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉండటం, అసలు లేకపోవడం, లేదా మూడు పేర్లూ కలిపి ఒకే గడిలో ఉండటం మనకు మామూలు. ఇక్కడ ప్రతి దరఖాస్తులోనూ మొదటి పేరు, చివరి పేరు విడివిడిగా నింపాలి. ఒక ఆఫీసులో గీత పెడతారు, ఇంకోచోట మొదటి పేరునే రెండుసార్లు రాస్తారు. పైగా వర్క్ పర్మిట్ మీద మీ పేరు థాయ్ లిపిలో ఉంటుంది, బ్యాంకులో గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకుంటారు. రెండూ కలవవు. ఇండియాలో ఉండగానే పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా చేర్పించుకుని రావడం అన్నిటికన్నా మంచిది. వచ్చేసిన వాళ్లయితే వర్క్ పర్మిట్‌లోని థాయ్ స్పెల్లింగును ఫోనులో ఫొటో తీసి ఉంచుకుని, ఎక్కడికి వెళ్లినా ఇలాగే రాయండని చూపించండి.

పెళ్లి సర్టిఫికెట్, డిగ్రీ పట్టాలకు ధ్రువీకరణ కూడా ఇండియాలో ఉండగానే చేయించుకోండి. మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర ఒక్కటే సరిపోతుందనుకోకండి. థాయ్ ఎంబసీ ముద్ర కూడా కావాలేమో ముందే కనుక్కోండి.

ఇండియన్లకు ఇల్లు ఇవ్వమంటున్నారు. నిజమేనా?

కొందరు నిజంగానే అంటారు. మొహం మీద చెప్పరు, ఇప్పుడే ఎవరో తీసేసుకున్నారని ఏజెంటుతో చెప్పిస్తారు. పోపు వాసన గోడలకు పట్టేస్తుందని, ఒక్కరి పేరు చెప్పి ఆరుగురు దిగుతారని వాళ్ల భయం. ఇది వివక్షే, అందులో సందేహం లేదు. దానికి మళ్లీ మళ్లీ తల కొట్టుకోవడం కన్నా మనవాళ్లు ఇప్పటికే ఉన్న భవనంలో వెతకడం మేలు. ఎంతమంది ఉంటారో, రోజూ వండుతారా లేదా అన్నది ముందే చెప్పేయండి.

వంటింటి విషయంలో మనం కూడా కళ్లు తెరుచుకుని చూడాలి. చిన్న కాండోల్లో వంటగది అంటే గోడవారగా ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక సింకు. చాలా భవనాల్లో గ్యాస్ సిలిండరు ఒప్పుకోరు. తలుపు వేసుకోగల వంటగదో, బాల్కనీలో పొయ్యో ఉన్న ఇల్లు దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా వదలకండి. కరెంటు మన లాగే 220 వోల్టులే కాబట్టి మిక్సీ తెచ్చుకోవచ్చు. మన లావు మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం ఇక్కడి సాకెట్లో దూరదు, అడాప్టర్ కావాలి.

కరెంటు బిల్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. పక్క భవనంలో సగమే వస్తోంది. ఎందుకు?

మీరుండేది కాండో కాదు, అపార్ట్‌మెంటు అయి ఉంటుంది. కాండోలో ఒక్కో ఫ్లాటుకు ఒక్కో ఓనరు, ఒక్కో ప్రభుత్వ మీటరు. బ్యాంకాక్, నొంథబురి, సముత్ ప్రకాన్‌లలో ఎంఈఏ, మిగతా దేశమంతా పీఈఏ అనే ప్రభుత్వ విద్యుత్ సంస్థలు నేరుగా బిల్లు ఇస్తాయి. యూనిట్ నాలుగు బాత్‌ల అటూ ఇటూ పడుతుంది. బిల్లు పట్టుకెళ్లి సెవెన్ ఎలెవెన్ దుకాణంలో కట్టేయొచ్చు. అపార్ట్‌మెంటులో భవనమంతా ఒకరిదే. సొంత మీటర్లు పెట్టి యూనిట్‌కు 7, 8 బాత్‌లు వేసుకుంటారు. ఏప్రిల్ ఎండల్లో ఏసీ ఆగకుండా తిరిగే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. ఒప్పందంలో యూనిట్ రేటు ఎంతో అంకెల్లో రాయించుకోండి.

బ్యాంకు ఖాతా తెరవడానికి ఒక బ్రాంచిలో కాదన్నారు. మరో బ్రాంచికి వెళ్లొచ్చా?

వెళ్లండి. ఒకే బ్యాంకులో ఒక బ్రాంచి కాదన్నది ఇంకో బ్రాంచి ఔనంటుంది. మోసగాళ్లు వాడే అద్దె ఖాతాల మీద కట్టడి పెరిగాక విదేశీయులను ఇంకా జల్లెడ పడుతున్నారు. వర్క్ పర్మిట్ ఉంటే సులువు, కంపెనీ జీతాలు పడే బ్యాంకులోనే తెరిస్తే మరీ సులువు. ఖాతా తెరిచాక మన యూపీఐ లాంటి ప్రాంప్ట్‌పే, క్యూఆర్ కోడ్‌లతో జీవితం తేలికవుతుంది. రోడ్డు పక్కన సొమ్‌తమ్ అనే పచ్చి బొప్పాయి సలాడ్ దంచే ఆవిడ దగ్గర కూడా క్యూఆర్ ఉంటుంది. అప్పటిదాకా ఇండియా కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ 220 బాత్‌లో, అంతకన్నా ఎక్కువో రుసుము పోతుంది. కాబట్టి చిన్న మొత్తాలు తీయకండి.

అన్నట్టు, ఇండియా సిమ్ము పారేయకండి. అక్కడి బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. రోమింగులో మెసేజీలు అందుతున్నాయో లేదో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండగానే కంపెనీ వాళ్లను అడగండి. ఆ సిమ్ము పనిచేయడం మానేస్తే దాన్ని బతికించడానికి మనిషి మళ్లీ ఇండియా వెళ్లాల్సి వస్తుంది.

పన్ను ఎక్కడ కట్టాలి?

ఒక ఏడాదిలో 180 రోజులు, అంతకు మించి ఉంటే మీరు థాయ్ పన్ను నివాసి. ఇక్కడి జీతం మీద పన్ను కంపెనీ కోస్తుంది. 2024 జనవరి 1 తర్వాత సంపాదించిన విదేశీ ఆదాయాన్ని థాయ్‌లాండ్‌కు తెచ్చుకుంటే దానికీ పన్ను లెక్క ఉంది. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది. ఊళ్లో ఇంటి అద్దె వచ్చేవాళ్లు, పొలం అమ్మిన డబ్బు తెచ్చేవాళ్లు ఆడిటరును కలవండి.

శాకాహారులం. ఏం తినాలి?

ఇంట్లో వండుకుంటే ఏ లోటూ లేదు. బయట మాత్రం కూర ముక్కలే కనబడినా లోపల నమ్ ప్లా అనే చేప రసం ఉంటుంది. పచ్చడిలో కపి అనే రొయ్యల ముద్ద ఉంటుంది, కూరగాయల వేపుడులో ఆయిస్టర్ సాస్ ఉంటుంది. మాంసం వద్దంటే ముక్కలు తీసి పెడతారు, అదే వాళ్లకు శాకాహారం. అందుకని 'జే' అని అడగండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న దుకాణం కనబడితే చాలు, అక్కడ గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. గుడ్డు తినేవాళ్లయితే 'మంగ్‌సవిరత్' అనాలి. 'మై సై నమ్ ప్లా' అంటే చేప రసం వేయొద్దని. కోడిగుడ్డు 'ఖాయ్', కోడి 'కాయ్'. ఒత్తు మింగేశారో, ఆమ్లెట్టు బదులు చికెన్ వస్తుంది.

కూరగాయల సంతలో మాత్రం మనసు కుదుటపడుతుంది. బీరకాయ, సొరకాయ, బొబ్బర్ల కాయలు, గుండ్రటి పచ్చ వంకాయలు, చింతపండు, మునక్కాడలు అన్నీ ఉంటాయి. మనం కాయ తిని ఆకు వదిలేసే దొండ తీగను వీళ్లు ఆకు కోసమే పెంచి సూపులో వేస్తారు. కరివేపాకు, పప్పులు, కుక్కరు గాస్కెట్టు కావాలంటే బ్యాంకాక్‌లో ఫాహురత్‌కు వెళ్లాలి. గోంగూర థాయ్ దుకాణాల్లో వెతికితే ఎర్ర కాయల షర్బత్తు చూపిస్తారు తప్ప ఆకు దొరకడం కష్టం. దాన్ని ప్రాణంగా తినేది బర్మా వాళ్లు. సముత్ సాఖోన్‌లోని మహాచాయ్ లాంటి, వాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల వెతకండి. రోజువారీ అన్నానికి ఇక్కడి మల్లెపూల బియ్యం మెత్తగా, జిగురుగా అనిపిస్తుంది. నీళ్లు తగ్గించి వండితే నెల తర్వాత అలవాటైపోతుంది. పులిహోరకు మాత్రం పనికిరాదు, ఎన్ని చెప్పినా.

బండి నడపొచ్చా?

ఇక్కడా ఎడమవైపే, కాబట్టి చేతికి ఇబ్బంది ఉండదు. ఇండియా నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోండి. అందులో ద్విచక్ర వాహనం విభాగానికి ముద్ర ఉందో లేదో చూసుకోండి. అది లేకుండా స్కూటరు మీద పడితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, ఆసుపత్రి బిల్లు మొత్తం మీదే. ఎక్కువ కాలం ఉండేవాళ్లు భూ రవాణా శాఖలో థాయ్ లైసెన్సు తీసుకోవడమే దారి. మొదట రెండేళ్లకు, తర్వాత ఐదేళ్లకు ఇస్తారు. డాక్టరు సర్టిఫికెట్, వర్క్ పర్మిట్ లేదా నివాస ధ్రువపత్రం కావాలి. ఆ ధ్రువపత్రానికి మళ్లీ టీఎం 30.

జాతీయ ఉద్యానవనాల్లో మాకు రేటు ఎక్కువెందుకు?

విదేశీయులకు వేరే ధర, అది ప్రభుత్వమే పెట్టింది. థాయ్‌లకు ఉండే ధర చాలాచోట్ల థాయ్ అంకెల్లో రాసి ఉంటుంది. లైసెన్సో, వర్క్ పర్మిటో చూపిస్తే కొన్నిచోట్ల తగ్గిస్తారు, కొన్నిచోట్ల తగ్గించరు. ఒకసారి నవ్వుతూ అడగండి, కాదంటే కట్టేయండి. తాజ్‌మహల్ దగ్గర మనం విదేశీయుల దగ్గర తీసుకునేదీ ఇంతే కదా.

బిల్లు మీద 2569 అని ఉంది. తప్పు పడిందా?

లేదు, అది బౌద్ధ శకం. 543 తీసేస్తే 2026.

జ్వరమొస్తే ఎక్కడికెళ్లాలి?

ఉద్యోగులైతే మీ జీతంలోంచి ఒక పరిమితి దాకా 5 శాతం సామాజిక భద్రతకు కోస్తారు. ఆ పథకం కింద మీరు ఎంచుకున్న ఒక్క ఆసుపత్రిలోనే ఉచితం. ఎంచుకోమన్నప్పుడు ఏదో ఒకటి టిక్కు పెట్టకుండా ఇంటికి దగ్గరిది రాయండి. పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు హోటళ్లలా మెరుస్తాయి, బిల్లులూ అలాగే ఉంటాయి. భార్యాబిడ్డలకు ఆ పథకం వర్తించదు కాబట్టి వాళ్లకు బీమా వేరే తీసుకోవాలి. అంబులెన్సుకు 1669, పోలీసులకు 191.

ఇండియా నుంచి నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే మందులు, ట్రమడాల్ లాంటివి తెస్తుంటే డాక్టరు చీటీ తప్పనిసరిగా వెంట ఉండాలి, 30 రోజులకు సరిపడా మించకూడదు. ఈ-సిగరెట్లు మాత్రం తేనే వద్దు, ఇక్కడ వాటి దిగుమతి, అమ్మకం నిషేధం.

చియాంగ్‌మాయ్‌లో ఉద్యోగం వచ్చింది. చల్లగా ఉంటుందట కదా?

నవంబరు నుంచి జనవరి దాకా హాయిగా ఉంటుంది. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా అడవులకు, పొలాలకు పెట్టిన మంటల పొగ లోయలో నిలిచిపోతుంది. ఎదురుగా ఉన్న దోయి సుథెప్ కొండ కనబడదు. మార్చిలో పీఎం 2.5 అనే సన్న ధూళి లెక్కన ప్రపంచంలోనే అధ్వానమైన గాలి ఉన్న నగరాల జాబితాలో ఈ ఊరు పైకెక్కుతుంది. ఏసీ ఆ ధూళిని ఆపదు, ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలి. పిల్లలకు ఆస్తమా ఉంటే ఆ ఉద్యోగం గురించి రెండోసారి ఆలోచించండి.

నా భార్యకు డిపెండెంట్ వీసా ఉంది. ట్యూషన్లు చెప్పుకోవచ్చా?

వర్క్ పర్మిట్ లేకుండా కుదరదు. పచ్చళ్లు పెట్టి అమ్మినా అది పనే.

మే సోత్ వైపు డేటా ఎంట్రీ ఉద్యోగం, బ్యాంకాక్‌లో దిగితే కారు పంపుతామంటున్నారు...

ఎక్కకండి. మే సోత్ సరిహద్దు ఊరు, ఆ కారు నది దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల శిబిరాలకు చేరుస్తుంది. 2025 మార్చిలో అలాంటి చోట్ల నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను మే సోత్ నుంచి వాయుసేన విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. వాళ్లలో తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు.

ఊరెళ్తుంటే తెలిసినవాళ్లు ఒక బ్యాగు ఇచ్చి పంపుతామంటున్నారు. తీసుకెళ్లొచ్చా?

మీ చేత్తో సర్దనిది ఏదీ వద్దు. బ్యాంకాక్ నుంచి వచ్చినవాళ్ల సంచుల్లో శంషాబాద్‌లో హైడ్రోపోనిక్ గంజాయి చాలాసార్లు పట్టుబడింది. కస్టమ్స్ వాళ్లు ఈ విమానాల మీద కన్నేసి ఉంటారు. మొహమాటపడి జైలుకెళ్లే కన్నా చెడ్డ పేరు తెచ్చుకోవడం నయం.

ఉద్యోగం మానేసి వెళ్లిపోతున్నాం. ఏమేం చూసుకోవాలి?

వీసా గడువు ఇంకా ఎనిమిది నెలలుందని నింపాదిగా కూర్చోకండి. ఉద్యోగం మీద వచ్చిన పొడిగింపు ఆ ఉద్యోగంతోనే పోతుంది, చివరి పనిదినమే మీ చివరి రోజు. ఇమిగ్రేషన్‌కు వెళ్లి 1,900 బాత్‌లు కడితే సాధారణంగా ఏడు రోజులు ఇస్తారు. ఆ తర్వాత ఉంటే రోజుకు 500 చొప్పున, గరిష్ఠంగా 20,000 దాకా జరిమానా, పాస్‌పోర్టులో మచ్చ. కాబట్టి సామాను అమ్మడం, పిల్లల టీసీలు తీసుకోవడం ఆఖరి పనిదినానికి ముందే ముగించండి. రాజీనామా తేదీని హెచ్ఆర్ వాళ్లతో కూర్చుని, విమానం టికెట్టు చూసుకుని రాయించండి.

ఇక డిపాజిట్టు. దిగేటప్పుడు రెండు నెలల అద్దె కట్టి ఉంటారు. చివరి రెండు నెలలూ అందులో సర్దుకోమంటే ఓనర్లు ఒప్పుకోరు. ఖాళీ చేశాక గోడలకు రంగు, ఏసీ శుభ్రం, పరుపు మీద మరక అని కోత మొదలవుతుంది. దిగిన రోజునే ఇల్లంతా వీడియో తీసి ఓనరుకు లైన్ యాప్‌లో పంపి ఉంటే, ఆ తేదీతో సహా అది సాక్ష్యం. మిగిలిన డబ్బు నెల తర్వాత వేస్తామంటారు, అదీ థాయ్ ఖాతాలోనే. అందుకని ఆ సొమ్ము పడేదాకా ఖాతా మూయకండి, ఫోను నంబరుకు రీఛార్జి ఆపకండి. బ్యాంకు యాప్ తెరుచుకునేది ఆ నంబరుతోనే.